కోర్‌బూట్ కోసం వాడిన ల్యాప్‌టాప్ కొనేముందు, ఫ్లాష్ చేసేముందు జాగ్రత్తలు

కోర్‌బూట్ అంటే తయారీదారు బయోస్ (మెషిన్ ఆన్ కాగానే మొదట నడిచే ఫర్మ్‌వేర్) స్థానంలో వేసుకునే ఓపెన్‌సోర్స్ ఫర్మ్‌వేర్. దాన్ని బోర్డు మీది చిప్‌లో రాయడమే ఫ్లాష్ చేయడం. మీరు చూసిన మోడల్ పేరు కోర్‌బూట్ మద్దతు జాబితాలో అక్షరం పొల్లుపోకుండా ఉంటేనే డబ్బు కట్టండి. లెనోవో థింక్‌ప్యాడ్ టీ480, టీ480ఎస్ ఒకటి కావు, బోర్డులు వేరు.

అసలు అడ్డంకి బూట్ గార్డ్, అంటే ఆన్ అయ్యేటప్పుడు ఫర్మ్‌వేర్ సంతకాన్ని సరిచూసే ఇంటెల్ ఏర్పాటు. ఇంటెల్ నాలుగో తరం ప్రాసెసర్ల (2013) నుంచి ఉంది. తయారీదారు ఫ్యూజుల్లో (చిప్‌లో ఒక్కసారే రాయగల చోటు) దాన్ని ఖాయం చేసేస్తే, వాళ్ల సంతకం లేని ఫర్మ్‌వేర్‌తో మెషిన్ ఆన్ కాదు. ఫ్యూజులను వెనక్కి మార్చలేం. థింక్‌ప్యాడ్ టీ480లో దాన్ని దాటే దారి దొరికింది కాబట్టే చవకలో అది మంచి ఎంపిక.

క్రోమ్‌బుక్‌లు కోర్‌బూట్‌తోనే వస్తాయి. కానీ ఏదైనా సంస్థ ఖాతాలో నమోదై ఉన్నది వద్దు, సొంత సాఫ్ట్‌వేర్ వేసుకోనిచ్చే డెవలపర్ మోడ్ మూసేసి ఉండొచ్చు.

ఫ్లాష్ చేసేముందు:

- పాత బయోస్ ఉండగానే ఈసీ (కీబోర్డు, బ్యాటరీ, ఫ్యాన్ చూసుకునే చిన్న కంట్రోలర్) అప్‌డేట్, టీ480 అయితే థండర్‌బోల్ట్ ఫర్మ్‌వేర్ అప్‌డేట్ కూడా ముగించండి.
- చార్జర్ తీయండి, లోపలి బ్యాటరీ కనెక్టర్ కూడా విప్పండి.
- బయోస్ ఉండే ఫ్లాష్ చిప్ మీది నంబరు చదివి 3.3 వోల్టులదా, 1.8దా తేల్చుకోండి. చిప్‌ను చదివి రాయడానికి వాడే ప్రోగ్రామర్లలో చవక సీహెచ్341ఏ నల్ల బోర్డులు చాలావరకు డేటా పిన్నులకు 5 వోల్టులు పంపుతాయి, దాంతో చిప్ కాలిపోవచ్చు. 3.3 చిప్‌కు రాస్‌ప్‌బెర్రీ పై పికో నయం.
- పాత ఫర్మ్‌వేర్‌ను కనీసం రెండుసార్లు చదివి చెక్‌సమ్‌లు (ఫైల్ నుంచి లెక్కగట్టే గుర్తు సంఖ్యలు) పోల్చండి. కలవలేదంటే సాధారణంగా చిప్ కాళ్లను పట్టే క్లిప్ సరిగా కూర్చోలేదని అర్థం. తీసి, చిప్ కాళ్లు తుడిచి మళ్లీ పెట్టండి. కలిసిన ఫైల్‌ను వేరే డిస్కులో దాచండి. ఈథర్‌నెట్ మ్యాక్ అడ్రస్ అందులోనే ఉంటుంది, బోర్డు మొరాయిస్తే తిరిగి ఎక్కించాల్సిందీ అదే.