రెండే మైకులతో భారీ డ్రమ్స్ ధ్వని

డ్రమ్స్ రికార్డు చేసేటప్పుడు ఒక్కో డ్రమ్ముకు ఒక్కో మైకు అమర్చే ముందు, రెండే మైకులను దూరంగా, ఎత్తులో పెట్టి విని చూడండి. 1971లో వెలువడిన, రాక్ బృందం లెడ్ జెప్పెలిన్ నాలుగో ఆల్బమ్‌లోని ‘వెన్ ది లెవీ బ్రేక్స్’ కోసం ఇంజనీరు ఆండీ జాన్స్ చేసింది ఇదే: ఇంగ్లండులోని హెడ్లీ గ్రేంజ్ అనే పాత భవనంలో, మెట్ల దిగువ హాలులో ఆ బృందం డ్రమ్మర్ జాన్ బోనమ్ వాయిస్తుండగా, పైనుంచి రెండు బేయర్ ఎం160 మైకులను వేలాడదీసి, ఆ ధ్వనిని గట్టిగా కంప్రెస్ చేసి (అంటే పెద్ద, చిన్న శబ్దాల మధ్య తేడాను తగ్గించి), బిన్సన్ ఎకో యంత్రాన్ని జోడించారు. కంప్రెసర్ డ్రమ్ము మీద పడే దెబ్బ తీవ్రతను తగ్గించడంతో, దాని వెనకే వచ్చే గోడల ప్రతిధ్వని పైకి తేలుతుంది. సింబల్స్ (డ్రమ్స్‌తో పాటు ఉండే లోహపు పళ్లేలు) మోత కూడా అలాగే పెరుగుతుంది కనుక వాటిని మృదువుగా వాయించమనండి. వాయించేవారి చేతిలో సమతూకం లేకపోతే మాత్రం, నా దృష్టిలో, ఈ పద్ధతి జోలికి వెళ్లకపోవడమే మేలు.