పొగాకు వేలానికి వెళ్లేముందు

వేలాలు మొదలైతే కొండపి, పొదిలి, టంగుటూరు దారుల్లో ఎక్కడ చూసినా పొగాకు మూటల (బేళ్ల) ట్రాక్టర్లే. ఆకు ఎలా గ్రేడు చెయ్యాలో, తేమ ఎంత ఉండాలో చెప్పేవాళ్లకు కొదవ లేదు. బేలు నోబిడ్ పడితే, అంటే ఎవరూ పాట పాడకపోతే, ఆ మనిషి ఏం చెయ్యాలో ఎవరూ చెప్పరు.

ఒక ఏడు నావి నాలుగు బేళ్లు నోబిడ్ పడ్డాయి. రాత్రి నిద్ర లేదు, పొద్దున్నుంచి కడుపులో రెండు టీలే. ఆకు గుప్పెట్లో పట్టుకుని కొనుగోలుదారు మీదికి వెళ్లాను. చెవులు కాలిపోతున్నాయి, చేతులు వణుకుతున్నాయి. పక్కూరి పెద్దాయన రెక్క పట్టుకుని బయటికి లాక్కొచ్చాడు. ‘‘అబ్బయా, ముందు నీళ్లు తాగు. నువ్వరిస్తే ఆకు రంగు మారుద్దా?’’

అందుకే చద్దన్నమో రాగిసంగటో తిని బయల్దేరండి. మన ఎండకు ఖాళీ కడుపు తోడైతే కోపం రెట్టింపవుద్ది. మీ బాకీల్లో భాగం లేని మనిషి నొకరిని తోడు తీసుకెళ్లండి. ముందురోజే కాగితం మీద తక్కువ ధర వేసుకుని, ఆ డబ్బులో ముందు ఎవరికి కట్టాలో, ఎవరిని ఆగమనాలో రాసుకోండి. అనుకున్న దెబ్బ కొంచెం తక్కువ తగులుద్ది.

ఒళ్లు వేడెక్కితే మాట్లాడకుండా బయటికి నడవండి. నాలుగు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలండి. గాలి మెల్లగా వదిలేటప్పుడు గుండె నెమ్మదిస్తుంది. అలా ఓ పదిసార్లు. నోబిడ్ పడిన బేలును మళ్లీ తెచ్చుకోవచ్చు, నోరు జారిన మాటను తెచ్చుకోలేం. తిరుగుదారిలో బ్రాందీ షాపు దగ్గర మాత్రం బండి ఆపొద్దు.

ఇంట్లో ఆడవాళ్లకు ఒక మాట. గడప దగ్గరే ‘‘ఎంత పడింది?’’ అని అడగొద్దు. అన్నం తిన్నాక ఆయనే చెప్తాడు.

అన్నిటికన్నా ముఖ్యం, పురుగుమందు డబ్బాలు సీజనయ్యేదాకా ఇంట్లో ఉండకూడదు. మిగిలినవి వేరేచోట తాళం వేసి, తాళంచెవి ఇంకొకరికి ఇవ్వండి. చచ్చిపోదామనే ఆలోచన ఉధృతి చాలాసార్లు కొద్దిసేపే ఉంటుంది, ఆ కాసేపు డబ్బా చేతికి అందకపోతే మనిషి దక్కుతాడు. ‘‘నేను లేకపోతేనే మీకు నయం’’ లాంటి మాట వినపడితే తిట్టకండి, పక్కన కూర్చోండి, ఒంటరిగా వదలకండి.

మనసు బాగోనప్పుడు మాట్లాడే ప్రభుత్వ సాయం ఫోను టెలీ మానస్, నంబరు 14416. రాత్రయినా పగలయినా ఎత్తుతారు, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడొచ్చు. పాసుపుస్తకం అట్ట లోపల పెన్నుతో రాసి పెట్టుకోండి. ఆ టైములో ఫోన్లో వెతికే ఓపిక ఉండదు.