ఓడిన చదరంగం ఆటను కంప్యూటర్‌తో చదవడం ఎలా?

లీచెస్ అనే చదరంగం వెబ్‌సైట్‌లో స్టాక్‌ఫిష్‌తో, అంటే చదరంగం ఆడే కంప్యూటర్ ఇంజిన్‌తో, ఉచితంగా ఆడవచ్చు. 1 నుంచి 8 దాకా స్థాయిలున్నాయి. మొదటి దానితోనే మొదలుపెట్టండి. కానీ అసలైన చదువు ఆట ముగిశాకే. నేను ముందు ఇంజిన్‌ను ఆపేసి, ఎక్కడ తప్పానో నోటుబుక్కులో రాసుకుంటాను. ఆ తర్వాతే దాన్ని అడుగుతాను.

ఒకసారి నేను నల్లపావులతో ఆడుతుంటే తెల్ల శకటు సి4 గడిలో, తెల్ల మంత్రి హెచ్5లో ఉన్నాయి. మంత్రిని తరుముదామని గుర్రాన్ని ఎఫ్6కు దూకించాను. మంత్రి ఎఫ్7 బంటును కొట్టి ఆట కట్టించింది. ఇంజిన్ చూపిన ఎత్తు చాలా చిన్నది: బంటును జి6కు జరపడం. మంత్రి ఎఫ్3కు తగ్గి మళ్లీ బెదిరిస్తే, అప్పుడు గుర్రం ఎఫ్6కు. అదే గుర్రం, అదే గడి, ఒక్క ఎత్తు ఆలస్యంగా!

ఇలాంటి స్థితిని బల్ల మీద పావులతో పేర్చి పదిసార్లు ఆడండి. ఎవరిది పైచేయో చూపే ఇంజిన్ అంకెలో చిన్న తేడాలను వదిలేయండి. ఒక్కసారిగా రెండు మూడు పడిపోయిన చోటే ఆగండి.