సైకాలజిస్ట్ కావాలా? ముందు ఇది చూసుకోండి

నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు చాలామంది నిద్ర పట్టడం లేదనో, పిల్లవాడు చదవడం లేదనో నేరుగా హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి పేరెత్తుతారు, లేదంటే తాయత్తు కట్టిస్తారు. అంత దూరం పోకముందే ఒక పని చేయండి. 14416కు ఫోన్ కొట్టండి. అది మానసిక సమస్యలకు ఫోన్‌లోనే సాయం చేసే కేంద్ర ప్రభుత్వ టెలి మానస్ నంబరు. 2022 అక్టోబర్‌లో మొదలైంది, ఉచితం, రాత్రి రెండింటికైనా తెలుగులో మాట్లాడొచ్చు. మీకు దగ్గరలో ఎవరిని కలవాలో కూడా అడగండి. రెండు జిల్లా కేంద్రాల్లోనూ ప్రభుత్వ మెడికల్ కాలేజీలున్నాయి కాబట్టి, వాటి ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఓపీ ఏ రోజుల్లో ఉంటుందో కనుక్కోవడం కూడా మంచిదే.

సైకియాట్రిస్ట్ అంటే ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యం చదివిన డాక్టర్, మందులు రాస్తారు. సైకాలజిస్ట్ మందులు రాయరు. మాట్లాడతారు, పరీక్షలు పెడతారు, ఆలోచన తీరు, అలవాట్లు మార్చుకునే పద్ధతులు నేర్పిస్తారు. ఒక్కో సెషన్ దాదాపు ముప్పావుగంట, వారానికోసారి. ఒక్కసారికే తగ్గలేదని మానేయకండి.

బోర్డు మీద కౌన్సిలర్ అని రాసుకున్న ప్రతివారూ క్లినికల్ సైకాలజిస్ట్ కారు. క్లినికల్ సైకాలజిస్టులను నమోదు చేసే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ నంబరు అడగండి, మొహమాటపడొద్దు. ఫీజు, మన మాటలు ఎవరికీ చెప్పరా అన్నదీ మొదటి రోజే అడిగేయండి. చచ్చిపోవాలనిపిస్తోందని ఎవరైనా అంటే మాత్రం ఇవేవీ వెతుక్కుంటూ కూర్చోకండి, వాళ్లను ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.