ఇజబెల్ యుపేర్ సినిమాలను ఏ వరుసలో చూడాలి

1953లో పారిస్‌లో పుట్టిన ఫ్రెంచ్ నటి ఇజబెల్ యుపేర్ ఇప్పటికి వందకు పైగా సినిమాల్లో నటించారు కనుక, విడుదలైన క్రమంలో చూడడం మొదలుపెడితే చాలామంది మధ్యలోనే విసిగి మానేస్తారు. అవార్డుల పట్టిక చూసి నేరుగా ‘పియానో టీచర్’కు వెళ్లడం ఇంకా పెద్ద పొరపాటు.

ముందుగా 2016లో మియా హాన్సెన్ లవ్ తీసిన ‘లావెనీర్’ చూడండి. అందులో ఆమె తత్వశాస్త్రం బోధించే ఉపాధ్యాయిని. భర్త విడిచిపోతాడు, తల్లి మరణిస్తుంది. బస్సులో కూర్చుని ఏడుస్తూ కిటికీలోంచి చూసినప్పుడు భర్త, అతని ప్రియురాలు వీధిలో కనబడతారు. కన్నీళ్లు ఆరకముందే ఆమెకు నవ్వు వస్తుంది. ఆ సన్నివేశాన్ని వెనక్కి తిప్పి మరోసారి చూస్తే, ఏడుపు నవ్వుగా మారిన క్షణం ఏదో వేలుపెట్టి చూపలేమని తెలుస్తుంది. యుపేర్ నటనలో పట్టుకోవలసింది దీన్నే.

తరువాత క్లోద్ గొరెత్తా 1977లో తీసిన ‘లా దాంతెలియేర్’. క్షౌరశాలలో పనిచేసే మితభాషి అయిన అమ్మాయి, చివర తల తిప్పి తిన్నగా మనవైపే చూస్తుంది. ఆ చూపు పూర్తయ్యేదాకా దయచేసి టీవీ ఆపకండి.

ఇక దర్శకుడు క్లోద్ షాబ్రోల్ దగ్గర తీరికగా ఆగాలి. ఆయనతో ఆమె ఏడు సినిమాలు చేశారు. తల్లిదండ్రులకు విషం పెట్టిన యువతిగా నటించిన ‘వియొలెత్ నొజియేర్’ 1978లో ఆమెకు కాన్ చిత్రోత్సవంలో ఉత్తమ నటి పురస్కారం తెచ్చింది. నా దృష్టిలో వీటన్నిటిలోకీ గొప్పది 1995 నాటి ‘లా సెరెమొనీ’. ఊరివాళ్ల ఉత్తరాలు విప్పి చదివే పోస్టాఫీసు ఉద్యోగినిగా ఆమె గలగలా మాట్లాడుతూనే ఉంటుంది, ఆ మాటల వెనుక కసి కొద్దికొద్దిగా బయటపడుతుంది. ఇక్కడ సంభాషణ ఎక్కువ కాబట్టి మొదటిసారి సబ్‌టైటిళ్లు చదువుకుని, రెండోసారి ఆమె ముఖం మాత్రమే చూడండి. ఈ పాత్రకు వెనిస్ చిత్రోత్సవంలో సహనటి సాండ్రిన్ బొనేర్‌తో కలిపి ఉత్తమ నటి పురస్కారం దక్కింది. ఫ్రాన్స్ జాతీయ సినిమా పురస్కారమైన సెజార్ కూడా వచ్చింది.

మైకేల్ హానెకే 2001లో తీసిన ‘పియానో టీచర్’కు ఇప్పుడు వెళ్లవచ్చు. ఇది పెద్దలకు మాత్రమే తగినది, మనసును బాగా కలచివేస్తుంది. ఇంటిల్లిపాదీ కూర్చుని చూడవద్దు.

ఆస్కార్ నామినేషన్ తెచ్చిన ‘ఎల్’ను చివరికి ఉంచుకోండి. అత్యాచారంతో మొదలయ్యే కథ కనుక ఆ సంగతి తెలిసి కూర్చోవాలి. ఇదీ 2016 నాటిదే. చూడడం ముగిశాక ‘లావెనీర్’లోని బస్సు సన్నివేశాన్ని మళ్లీ పెట్టుకుని చూడండి.