ఎండతో నీటిని విడగొట్టే ఆక్సైడ్లు – 6వ పాఠం: అంచు ఎక్కడుంది?

ఈ పాఠంలో బిస్మత్ వనాడేట్ అనే ఆక్సైడ్ మొదలుపెట్టాలనుకున్నాను. దాన్ని వాయిదా వేస్తున్నాను. హెమటైట్ (తుప్పు రంగు ఐరన్ ఆక్సైడ్) బయటి వోల్టేజీ లేకుండా ఎండతో నీటిని విడగొట్టగలదా అన్న పోయినసారి లెక్కకు మీరు పంపిన జవాబుల్లో చాలా భాగం ఒకే చోట దారి తప్పాయి. "హెమటైట్ బ్యాండ్ గ్యాప్ 2.1 ఎలక్ట్రాన్ వోల్టులు, నీటికి కావలసింది 1.23, కనుక బయటి వోల్టేజీ అక్కర్లేదు" అని రాశారు. గ్యాప్ అంటే ఎలక్ట్రాన్లు నిండిన వాలెన్స్ బ్యాండ్ అంచుకూ (కింది అంచు), దానిపైన ఖాళీగా ఉన్న కండక్షన్ బ్యాండ్ అంచుకూ (పైఅంచు) మధ్య దూరం. దాని వెడల్పు గురించి నేను పేజీల కొద్దీ చెప్పి, అది ఏ ఎత్తులో ఉందో ఒక్క వాక్యంతో వదిలేశాను. అందుకే మళ్లీ చెబుతున్నాను.

వెలుతురు తగిలి పైకి లేచిన ఎలక్ట్రాన్ హైడ్రోజన్ స్థాయికి, అంటే నీటి నుంచి హైడ్రోజన్ వచ్చే స్థాయికి, పైన ఉండాలి. అది కింద వదిలిన ఖాళీ, అంటే రంధ్రం, ఆక్సిజన్ వచ్చే స్థాయికి కింద ఉండాలి. హెమటైట్‌లో రెండో షరతు ధారాళంగా నెరవేరుతుంది, మొదటిది నెరవేరదు. దాని కండక్షన్ బ్యాండ్ అంచు హైడ్రోజన్ స్థాయికి సుమారు 0.4 వోల్టులు కిందే ఆగిపోయింది. ఆ లోటు బయటి నుంచి పూడ్చాల్సిందే.

ఇక్కడే నన్ను ఏళ్ల తరబడి విసిగిస్తున్న ఉచ్చు ఉంది. "ద్రావణంలో క్షారం పెంచితే ఆక్సైడ్ అంచు పైకి జరుగుతుంది కదా, అప్పుడు హైడ్రోజన్ వస్తుంది" అని ఈసారి కూడా కొందరు రాశారు. అంచు జరిగే మాట నిజమే. ఆక్సైడ్ ఉపరితలం మీది హైడ్రాక్సిల్ గుంపులు ప్రోటాన్లను తీసుకుంటూ వదులుతూ ఉంటాయి కాబట్టి, పీహెచ్ ఒక్కో అంకె పెరిగితే అంచు 59 మిల్లీవోల్టులు పైకి జరుగుతుంది. అయితే హైడ్రోజన్ స్థాయి కూడా సరిగ్గా అంతే జరుగుతుంది.

అంకెలు వేసి చూడండి. ఈ కొలమానంలో ధన విలువలు కిందికి, రుణ విలువలు పైకి. పీహెచ్ 0 దగ్గర హైడ్రోజన్ స్థాయి 0, హెమటైట్ అంచు +0.4. ఒక మోలార్ సోడియం హైడ్రాక్సైడ్‌లో పీహెచ్ 13.6; 0.059తో గుణిస్తే 0.80. అంచు −0.4కు చేరింది. రుణ సంఖ్య కనబడగానే సంబరపడి కలం కింద పెట్టేస్తారు. హైడ్రోజన్ స్థాయి అప్పటికే −0.8కు వెళ్లిపోయింది. తేడా అదే 0.4.

గోదావరికి వరద వస్తే రేవులో పడవ కూడా లేస్తుంది. గట్టు మీద నిలబడి కొలిచేవాడికి పడవ అంచు ఎంతో పెరిగినట్టు ఉంటుంది. పడవలో కూర్చున్నవాడికి నీటికీ అంచుకీ మధ్య దూరం మారదు. పీహెచ్‌తో కదలని కొలమానం, ప్రామాణిక హైడ్రోజన్ ఎలక్ట్రోడ్, గట్టు. పీహెచ్‌తో పాటు కదిలే ఆర్‌హెచ్‌ఈ, అంటే రివర్సిబుల్ హైడ్రోజన్ ఎలక్ట్రోడ్, పడవ. నేనైతే ప్రతి వోల్టేజీనీ ముందు ఆర్‌హెచ్‌ఈలోకి మార్చుకుని, ఆ తర్వాతే ఆలోచిస్తాను. సిల్వర్ క్లోరైడ్ ఎలక్ట్రోడ్‌తో కొలిస్తే రీడింగ్‌కు 0.197, దానికి పీహెచ్ రెట్లు 0.059 కలపండి. అంతే.

మరి అంచును నిజంగా కదిపేది ఏది? పదార్థం కూర్పు. చాలా ఆక్సైడ్లలో వాలెన్స్ బ్యాండ్ ఆక్సిజన్ 2పీ కక్ష్యలతో తయారై +3 వోల్టుల చుట్టుపక్కల పాతుకుపోయి ఉంటుంది. అందుకే గ్యాప్ తగ్గించబోతే సాధారణంగా పైఅంచే కిందికి దిగుతుంది. స్ట్రాన్షియం టైటనేట్ పైఅంచు హైడ్రోజన్‌కు పైనే ఉంటుంది. అల్యూమినియం కలిపిన ఆ పొడితో, సరైన ఉత్ప్రేరకాలు అద్ది, జపాన్ శాస్త్రవేత్త కజునారి డోమెన్ బృందం 2020లో 350–360 నానోమీటర్ల వద్ద 96 శాతం బాహ్య క్వాంటం సామర్థ్యం (పడిన వంద ఫోటాన్లలో పనికొచ్చినవి ఎన్ని అన్న లెక్క) చూపింది, బయటి వోల్టేజీ లేకుండానే. కానీ గ్యాప్ 3.2 కాబట్టి దానికి అతినీలలోహిత కిరణాలే పనికొస్తాయి. కింది అంచును పైకి లేపాలంటే నైట్రోజన్ ఒక దారి: టాంటలం ఆక్సైడ్ గ్యాప్ 3.9, కొంత ఆక్సిజన్ స్థానంలో నైట్రోజన్ చేరిన టాంటలం ఆక్సీనైట్రైడ్‌లో 2.5.

హెమటైట్ పూతలు వేసిన వాళ్లకు ఒక మాట. ఫొటోల్లో మీ గాజు పలకలు ఇటుక రంగులో, వెనక ఏమీ కనబడనంత దట్టంగా ఉన్నాయి. హెమటైట్‌లో రంధ్రం 2–4 నానోమీటర్లకు మించి నడవలేదు. లోతున పుట్టినదంతా నీటిని చేరకముందే ఎలక్ట్రాన్‌తో కలిసిపోతుంది. పలకను వార్తాపత్రిక మీద పెట్టండి. పసుపు కలిసిన నారింజ రంగులోంచి అక్షరాలు చదవగలగాలి. అదే సమతలపు పూతకు నా కొలత.

అభ్యాసం. గ్రాఫ్ కాగితం మీద, ధన విలువలు కిందికి వచ్చేలా గీయండి. ఆర్‌హెచ్‌ఈలో పైఅంచులు సుమారుగా: స్ట్రాన్షియం టైటనేట్ −0.2, బిస్మత్ వనాడేట్ +0.1 (గ్యాప్ 2.4), హెమటైట్ +0.4. ఈ మూడింటికీ రెండు అంచులను, నీటి రెండు స్థాయిలతో పాటు, పీహెచ్ 0, 7, 13.6 వద్ద ప్రామాణిక హైడ్రోజన్ కొలమానంలో వేయండి. తొమ్మిది బొమ్మలూ చేత్తోనే గీయాలి. తర్వాత పీహెచ్ 13.6 వద్ద ఆర్‌హెచ్‌ఈ 1.23కు సిల్వర్ క్లోరైడ్ రీడింగ్ ఎంతో చెప్పండి. 0.23 రాకపోతే పీహెచ్ మరిచిపోయారన్నమాట. మొదటి బొమ్మ దగ్గరికి వెళ్లండి.