కారుకు క్లే పట్టి వ్యాక్స్ వేయడం ఎలా?

పనులు మూడే: కడగడం, క్లే బార్‌తో (రంగుకు అతుక్కున్న మురికిని లాగేసే బంకముద్ద) రుద్దడం, వ్యాక్స్ వేయడం. కడగడం ఎవరికైనా వచ్చు. వ్యాక్స్ ఒక్కసారి వేస్తే అలవాటైపోతుంది. జనం పాడుచేసేది మధ్యలో పనినే. పాడుచేసింది చాలక "క్లే పట్టిస్తే కారు నిండా గీతలు పడ్డాయి" అని నింద దాని మీద వేస్తారు.

కావలసినవి: రెండు బకెట్లు, కార్ షాంపూ, మైక్రోఫైబర్ మిట్ (చేతికి తొడుక్కుని రుద్దేది), మందపాటి మైక్రోఫైబర్ టవళ్లు నాలుగైదు, ఫైన్ గ్రేడ్ క్లే బార్, స్ప్రే బాటిల్, పేస్ట్ వ్యాక్స్ డబ్బా. అంట్లు తోమే లిక్విడ్ వద్దు, పాత బనియన్లు అసలే వద్దు.

కడగడం

పొద్దున్నే, నీడలో మొదలుపెట్టండి. బానెట్ మీద చెయ్యి వేస్తే చల్లగా తగలాలి. విజయవాడలో మే నెల ఎండకు కారు బయట పెట్టి కడిగితే, తుడిచేలోపే నీళ్లు ఆరిపోయి తెల్ల మచ్చలు మిగులుతాయి. బోరు నీళ్లయితే మరీను. హైదరాబాద్ వాళ్లు ఆఖరి కడుగుకైనా మంజీరా కుళాయి నీళ్లు రెండు బకెట్లు పట్టి ఉంచుకోండి.

ముందు పైపుతో పైనుంచి కిందికి దుమ్మంతా వదిలించండి. ఒక బకెట్లో షాంపూ నీళ్లు, రెండో దాంట్లో మామూలు నీళ్లు. ఒక్కో డోరు అయ్యాక మిట్‌ను మామూలు నీళ్లలో జాడించి, ఆ తర్వాతే షాంపూలో ముంచాలి. చక్రాలు చివర్న, వేరే గుడ్డతో. తర్వాత టవల్ పరిచి అద్దండి, రుద్దొద్దు.

అపార్ట్‌మెంట్ సెల్లార్లలో రోజూ పొద్దున్నే ఒకే బకెట్టు, ఒకే గుడ్డతో వరసపెట్టి కార్లన్నీ తుడిచేస్తుంటారు. నల్ల కారు మీద ఎండ పడితే గుండ్రంగా కనిపించే సన్నటి గీతలు ఎక్కువగా ఆ గుడ్డ చలవే. నా కారును ముట్టుకోవద్దని మా వాచ్‌మన్‌కు ఎప్పుడో చెప్పేశాను. దుమ్ము ఊరికే పడి ఉంటే రంగుకు పెద్దగా ఏమీ కాదు. పొడిగుడ్డతో లాగితేనే గీస్తుంది.

క్లే: ఇక్కడే నిదానం

అసలు మీ కారుకు క్లే అవసరమో కాదో ముందు చూసుకోండి. కడిగి ఆరిన బానెట్ మీద, చేతికి పలుచటి పాలిథీన్ కవర్ తొడుక్కుని వేళ్లతో మెల్లగా నిమరండి. నున్నగా జారితే క్లే మానేసి నేరుగా వ్యాక్స్‌కు వెళ్లిపోండి. గరగరలాడితే షాంపూకు వదలని మురికి అతుక్కుని ఉన్నట్టు: బ్రేకుల నుంచి రేగే ఇనుప రజను, తారు చుక్కలు, చెట్ల జిగురు. పూత కాలంలో మామిడి చెట్టు కింద కారు పెట్టేవాళ్లకు తేనెమంచు పురుగు వదిలే జిగట సంగతి చెప్పక్కర్లేదు. విశాఖలో పోర్టు దగ్గర ఉండేవాళ్లకు ఆ నల్ల దుమ్ము ఎలాగూ తెలుసు.

రంగు మీద ఉండే పారదర్శకమైన పొర, అంటే క్లియర్ కోట్, మామూలుగా 40 నుంచి 50 మైక్రాన్లే ఉంటుంది. మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. మీ పని అంతా ఆ పొర మీదే. అందుకే క్లే ఏడాదికి ఒకసారి చాలు, మహా అయితే రెండుసార్లు. నెలనెలా పట్టించమనే షాపు వాళ్ల మాట వినకండి.

క్లే ముద్దను సగానికి కోసి, ఒక సగం దాచేయండి. ఎందుకో కాసేపట్లో చెప్తాను. రెండో సగాన్ని గోరువెచ్చటి నీళ్లలో కాసేపు ఉంచి, చపాతీ పిండిలా మెత్తబడేదాకా పిసికి అరచేతిలో పట్టేంత బిళ్లలా చేయండి.

బానెట్‌ను ఒక్కసారిగా పట్టుకోకండి. రెండు జానల చదరం తీసుకుని, అక్కడ క్లే లూబ్రికెంట్ (క్లే జారడానికి కొట్టే ద్రవం) ధారాళంగా కొట్టండి. అది లేకపోతే షాంపూ కలిపిన నీళ్లు. ధారాళంగా అంటే నీళ్లు కిందికి కారాలి. క్లే ముక్క మీద కూడా కొట్టండి. చాలామంది పిసినారితనం చూపించేది ఇక్కడే. తడి చాలకపోతే క్లే రంగుకు అంటుకుపోతుంది, దాన్ని లాగేటప్పుడు మురికి రేణువులు గీసుకుంటూ పోతాయి.

ఇప్పుడు వేళ్ల బరువుతోనే, ముందుకూ వెనక్కూ తిన్నగా జరపండి. గుండ్రంగా తిప్పొద్దు, నొక్కొద్దు. మొదట్లో చేతికి గరుకుగా తగిలి, సన్నగా చప్పుడు వస్తుంది. కాసేపటికి చప్పుడు ఆగి జారడం మొదలైతే ఆ చదరం అయినట్టే. అయినా వదలకపోతే బలం పెట్టకండి. తారుకు తారు రిమూవర్, ఇనుప రజనుకు ఐరన్ రిమూవర్ విడిగా దొరుకుతాయి.

చదరం అయిన ప్రతిసారీ క్లే తిరగేసి చూడండి. గోధుమ రంగు మరకలు, నల్ల చుక్కలు కనిపిస్తే లోపలికి మడిచి, పిసికి, శుభ్రమైన ముఖం బయటికి తీసుకోండి. మడవడం మానేస్తే మీరు రుద్దుతున్నది గరుకు కాగితంతోనే.

చేతిలోంచి క్లే కింద పడిందా, అంతే సంగతులు. కడిగినా, ఊదినా, పైపొర గిల్లేసినా లాభం లేదు, ఇసుక లోపలికి దిగిపోయి ఉంటుంది. చెత్తబుట్టలో వేసి, దాచిన సగం తీయండి. సగానికి కోయమన్నది ఇందుకే.

మ్యాట్ రంగు కార్లకు, పీపీఎఫ్ (రంగును కాపాడే పారదర్శక ఫిల్మ్) అంటించిన వాటికి, సిరామిక్ కోటింగ్ ఉన్నవాటికి క్లే పెట్టొద్దు. ఈ మధ్యే పెయింట్ వేయించిన డోరు ఉంటే క్లేకే కాదు, వ్యాక్స్‌కు కూడా ఎన్నాళ్లు ఆగాలో ఆ పెయింటర్‌నే అడగండి. ముదురు రంగు కార్ల మీద క్లే తర్వాత లేత మసక కనిపించొచ్చు. అది పాలిష్‌తో పోతుంది, వ్యాక్స్‌తో కాదు.

వ్యాక్స్

క్లేతో పాత వ్యాక్స్ కూడా పోతుంది కాబట్టి కారును మళ్లీ ఒకసారి కడిగి ఆరబెట్టి, అదే రోజు వ్యాక్స్ వేయాలి. నేనైతే కార్నోబా తప్ప ఇంకోటి వాడను. బ్రెజిల్‌లో పెరిగే ఒక రకం తాటి జాతి చెట్టు ఆకుల నుంచి తీసే మైనం ఇది. వ్యాక్స్ బదులు వాడే సింథటిక్ సీలెంట్ ఇంకా ఎక్కువ రోజులు ఆగుతుంది, నిజమే. కానీ ఎర్ర కారు మీద కార్నోబా నిగారింపు దానికి రాదు. డీజిల్ గుడ్డతోనూ కొబ్బరినూనెతోనూ మెరిపించేవాళ్లతో వాదన పెట్టుకోను. ఆ మెరుపు మీద సాయంత్రానికే ఊరి దుమ్మంతా అంటుకుంటుంది.

స్పాంజితో చాలా పలుచగా రాయండి. మందంగా రాస్తే మెరుపు పెరగదు, తుడవలేక చేతులు పడిపోతాయి. నల్ల ప్లాస్టిక్‌కు తగిలితే తెల్లటి మరక పట్టుకుంటుంది, జాగ్రత్త. పొర తెల్లబడ్డాక వేలితో ఒక గీత గీయండి. శుభ్రంగా వస్తే టవల్‌తో తుడిచేయండి, సాగితే ఇంకాస్త ఆగండి. వాన చినుకులు ముత్యాల్లా నిలబడటం మానేసినప్పుడు మళ్లీ వ్యాక్స్ ఒక్కటే వేయండి, క్లే జోలికి పోవద్దు.

మిగిలిన క్లే మీద కొంచెం లూబ్రికెంట్ చల్లి, మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టండి. బాగా నల్లబడ్డాక రంగు మీదికి తేవద్దు, అల్లాయ్ వీల్స్‌కు ఒకసారి వాడి పారేయండి.